ఎరుపు, సైజు నలభై మూడు

క్రాలెండైక్‌లో మా కొట్టు గోడకి
ఫిన్సు జతలు జతలుగా వేలాడుతుంటాయి:
చిలకపచ్చ, వంగపండు, నిమ్మపసుపు,
నెమలికంఠం నీలం ఒక్కటే జత, ధర ఎక్కువ.
పొద్దున్నే తలుపు తీసి దులుపుతాను.
ఈ ఉప్పుగాలికి దుమ్ము కూడా జిడ్డే.

కొనేవాళ్ళు లోతు సంగతి అడగరు,
ఫొటోలో ఎలా పడతామో అడుగుతారు.
పదకొండేళ్ళుగా నాది ఒకటే మాట:
"పసుపు తీసుకోండి. మీరు తప్పిపోతే
వెతికేవాళ్ళ కళ్ళకి పసుపు ఆనుతుంది."
కొందరు నవ్వుతారు.
కొందరు ముఖం మాడ్చుకుని
నల్లవి కొనుక్కుపోతారు.

ఉబాల్డో జాంగా వచ్చింది మంగళవారం.
ముప్పై నాలుగేళ్ళు ఉప్పు కంపెనీ లారీ తోలి
మొన్ననే దిగాడు.
చుట్టూ సముద్రమే ఉన్న దీవిలో
అరవై రెండేళ్ళూ మోకాలి లోతు దాటనివాడు.
నాలుగు వారాలు నా దగ్గరే నేర్చుకున్నాడు,
మడమ మీద తెల్లరంగుతో పదిహేడు అని రాసిన
అద్దె జతతో.
ఇక సొంతవి కావాలన్నాడు.
గోడంతా చూసి, మళ్ళీ చూసి,
"ఎర్రవి లేవా?"

ఉన్నాయి. వెనక గదిలో, పెట్టె విప్పనివి.
ఎర్రవి ఎవరూ కొనరు, నేను కొననివ్వను.
చెప్పాను: నీళ్ళలో అన్నిటికంటే ముందు చచ్చేది ఎరుపే.
అయిదు మీటర్లకి వెలిసిపోతుంది,
పదికి తుప్పు,
పద్దెనిమిదికి గిన్నె అడుగున మాడిన అన్నం.
డబ్బు పోసి కొన్నదాన్ని ఒడ్డునే వదిలి దిగినట్టు.

"తెలుసు," అన్నాడు.
"దక్షిణం రోడ్డులో ఎర్ర స్తంభం ఉంది కదా."

ఎందుకు లేదు.
ఒకవైపు గులాబీరంగు ఉప్పుమడి, ఒకవైపు సముద్రం,
దాని పక్కన నడుం వంచితే గాని దూరలేని రాతిగూళ్ళు.
ఏ మడిలో ఉప్పు సిద్ధమైందో
ఓడలకి ఆ రంగులే చెప్పేవి ఒకప్పుడు.

"మా నానమ్మకి నానమ్మ
ఆ ఎరుపు కింద తట్టలు మోసింది.
ఓడ మీదివాళ్ళకి ఆవిడ కనబడలేదు.
ఎరుపు కనబడింది, మైళ్ళ దూరం నుంచి."
అంతే. ఇంకో మాట లేదు.
కాదు, ఉంది. "సైజు నలభై మూడు."

శుక్రవారం దిగాం.
రోడ్డు పక్క పసుపు రాయి దగ్గర బండి ఆపి,
విరిగిన పగడాల మీద తూలుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని.
లోపల చిలకచేపలు అటుకులు నమిలినట్టు
రాళ్ళు కొరుకుతున్నాయి.
పద్దెనిమిది దగ్గర ఆగాడు.
మోకాళ్ళు ముడిచి తన పాదాలు చూసుకున్నాడు.
పాపం, అనుకున్నాను.
టార్చి వెలిగించాను.
భగ్గుమని ఎరుపు,
గోరింట పండిన అరిచేయంత ఎరుపు.

అరచెయ్యి అడ్డం పెట్టాడు.
ఆర్పెయ్, ఆర్పెయ్.

ఆర్పేశాను.
ఎక్కడో ఓడ ఇంజను మోత.
నీళ్ళలో మోత ఎటునుంచి వస్తుందో తెలీదు.
తల ఎత్తి పైకి చూశాడు,
తర్వాత కాళ్ళకేసి.
ఏ ఓడా చదవలేని చోట
ఆ ఎరుపు నల్లగా, తీరిగ్గా ఊగుతోంది.
నా గాలి నేను చూసుకోవడం మర్చిపోయాను కాసేపు.

పైకొచ్చేటప్పుడు అయిదు దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, నియమం.
రంగు మెల్లగా తిరిగొచ్చింది,
చేబదులు తీర్చినట్టు.
ఆయన పట్టించుకోలేదు.

ఒడ్డున ముక్కు చీదుకుంటూ అడిగాడు,
"పసుపువి ఎంత? ముప్పై ఆరు."
ఎవరికని అడిగాను.
"మనవరాలికి. అది తప్పిపోతే దొరకాలి."

ఆ సైజు అయిపోయింది.
ఓడలో రావాలి, చెప్పాను.
ఆయన నా ముఖంలోకి చూశాడు, నవ్వాడు,
ట్యాంకు విప్పమని వీపు తిప్పాడు.